తవిటినాయుడి చూపుతేడా

ఆ ఉదయం కూడా రాగుల పరిశోధన కేంద్రంలోని చోడి మళ్ల గట్టు మీద ఎవరూ దెబ్బలాడుకోలేదు. తవిటినాయుడు గారు సాళ్ల మధ్య నడుస్తూ, ఏ మొక్కకు అగ్గితెగులు మచ్చలు ఏపాటి ఉన్నాయో పైకి చెబుతున్నారు. మెడలో వేలాడే వర్ణిక అనే చిన్న యంత్రం ఆ మాటను లోకమంతా ఒప్పుకున్న ఒకే పేరులోకి, ఒకే కొలతలోకి మార్చి, అన్ని దేశాల పైర్ల లెక్కలూ దాచే పైరుకోశంలో వేసేస్తోంది. బొబ్బిలిలో చూసినా, ఇథియోపియాలో చూసినా ఇప్పుడు మచ్చంటే ఒకటే మచ్చ.

పూర్వం ఇలా ఉండేది కాదు. ఒకే మడిని ఇద్దరు చూసేవారు, రెండు రకాలుగా రాసేవారు, ఇక మధ్యాహ్నం దాకా కస్సుబుస్సులు. నాయుడు గారి గొంతు రోడ్డు మీదికి వినబడేదట. వర్ణిక వచ్చాక ఆ పేచీ తీరింది. అదే మడిని చూసిన మిగతావాళ్ల మాటలతో పోల్చి, ఎవరి కన్ను ఎటు పొరబడుతుందో అదే కనిపెట్టి, ఆ పొరపాటును తీసేస్తుంది. ఆ పొరపాటుకు పెట్టిన పేరు చూపుతేడా. ఎవరు తప్పు చెప్పినా కోశంలోకి ఒప్పే చేరుతుంది. ఆయన దగ్గర పనిచేసే గౌరీశ్వరికి ఇది భలే సుఖంగా ఉండేది.

ఆ పూట ఆమెకు ఇథియోపియా నుంచి అల్మాజ్ అనే పరిశోధకురాలి ప్రశ్న వచ్చింది. కోశంలో అందరి చూపుతేడాలూ అందరికీ తెరిచే ఉంటాయి. నాయుడు గారు వెళ్లేటప్పుడు ఒక పక్క సాళ్లన్నీ బాగున్నాయంటారు, తిరిగొచ్చేటప్పుడు రెండో పక్కవి బాగున్నాయంటారు, ఈ తేడా ఏటేటా పెరుగుతోంది, మీ మడిలో నీడ అలా మారుతుందా అని ఆవిడ కుతూహలం.

గౌరీశ్వరికీ సరదా పుట్టింది. మడి చుట్టూ తిరిగి చూసింది. నీడ ఇచ్చేదేమీ లేదు. ఆయన బాగున్నాయన్నవి వెళ్లేటప్పుడు ఎడమ పక్కవి, వచ్చేటప్పుడూ ఎడమ పక్కవే. అది మడికి ఎడమ కాదు, ఆయనకు ఎడమ.

టీ గ్లాసు తీసుకెళ్లి ఆయన ఎడమ భుజం పక్కన పట్టుకుని నిలబడింది.

"టీ తెస్తానని ఎటెల్లిపోనావమ్మా?" అన్నారాయన, ఎదరకే చూస్తూ.

గౌరీశ్వరి గ్లాసు గట్టు మీద పెట్టింది. ఆయన ఎడమకంటికి తను కనబడలేదని దాచకుండా చెప్పేసింది. ఆయన కుడికన్ను అరచేత్తో మూసుకుని మడి వైపు చాలాసేపు చూశారు.

"పైరు లెక్కలేటైనా పాడయ్యాయా?"

"లేదండి. వర్ణిక ఎప్పటికప్పుడు దిద్దేసింది. అందుకే ఎవరికీ తెలీలేదు, మీక్కూడా."

నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారు కంటి డాక్టరు. ఎడమకంటి చూపు ఇక తిరిగిరాదు, ముందే వచ్చుంటే చాలామటుకు నిలిచేది, కుడికన్నయినా కాపాడుకుందాం అన్నారు. నాయుడు గారు ఆస్పత్రి బల్ల మీద కూర్చుని మందుచీటీ మడతపెడుతూ అన్నారు.

"నీకు కళ్లు కనబడవేటయ్యా అని ఒక్కడైనా నన్ను తిట్టుంటే బాగుండునమ్మా. గట్టు మీద అలాగే తిట్టుకునేవోళ్లం."

మర్నాడు గౌరీశ్వరి ఇద్దరి వర్ణికలూ తీసి షెడ్డులో పెట్టింది. ఆయనకు ఎడమ పక్కన నడిచింది. మొదటి సాలులోనే ఆగిపోయింది.

"తప్పు చెప్పారు నాయుడు గారూ. ఇక్కడ ఆకు నిండా మచ్చలే."

ఆయన మెడ పూర్తిగా తిప్పి, ఆకు చేతిలోకి తీసుకుని, నిండా ఎక్కడున్నాయి, సగమేనని గట్టిగా వాదించారు. ఆమె కూడా తగ్గలేదు. దెబ్బలాడుతూనే ఆమెకు ఏడుపొచ్చింది. ఆయన గొంతు మాత్రం రోడ్డు మీదికి వినబడింది.