చీకటి పుట్టుక

నిఘంటువు ఆఫీసు కింద ఒక నేలగది ఉంది. పదాల చీట్లు దాచేది అందులోనే. సాయంత్రం ఆరు దాటితే ఎవరూ అందులోకి దిగరు. లోపల ఎవరో గుసగుసగా అక్షరాలు కూడబలుక్కుంటారట. నేనూ దిగలేదు, పిరికితనంలో నాకు మంచి పేరుంది. దిగినవాడు కొత్త గుమాస్తా. అతను చెప్పిందే ఇది.

అతనిది సొంతంగా అబ్బిన చదువు. నాలాగే... అంటే సగమే అబ్బింది. 'చీకటి'కి అర్థాలు బాగానే రాశాడు: వెలుగు లేమి, అజ్ఞానం, దాపరికం. ఆ మాట ఎలా పుట్టిందో చెప్పే దగ్గర బండి ఆగింది. గడువు ముంచుకొచ్చింది. చివరికి 'ఛీ' అనే ఈసడింపుకి 'కటిక' తోడై చీకటి అయిందని అల్లేసి, చెప్పినవారిగా తనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయన పేరు రాసేశాడు. చేరినరోజే విన్నాడు, "ఆయన పోయారండీ" అని. పోయినవాళ్లు వచ్చి కాదనరు కదా.

తీరా అచ్చుకి ముందు, ఆధారం చీటీ చూపించమన్నారు. చూపించకపోతే ఉద్యోగం ఊడుతుంది. పెద్దాయన దస్తూరీలో దొంగ చీటీ ఒకటి రాసుకుని, అందరూ వెళ్లాక మెట్లు దిగాడు.

స్విచ్ నొక్కాడు. బల్బు వెలగలేదు. తడుముకుంటూ రెండడుగులు వేశాడో లేదో –

"చీ..."

వెనక్కి తిరిగి మెట్టు కోసం తడిమాడు.

"క... టి..."

ముసలి గొంతు.

"ఎ... ఎవరండీ?"

"నేనేనయ్యా. నీకు ముందు ఆ కుర్చీ నాదే."

"తమరు... పోయారు కదా?"

"పోయాను. ఇంటికి." చిన్న నవ్వు. "నిఘంటువు రాసేవాడివి, 'పోవడా'నికి ఒక్క అర్థమే తెలుసా నీకు? చూపు పోయింది, ఉద్యోగం పోయింది, మనిషి ఇంకా పోలేదు. గుడ్డివాళ్ల కోసం వేసే చుక్కల ప్రతిని వేళ్లతో దిద్దుతున్నాను. రోజూ సాయంత్రం కాపలావాడు నన్ను ఇక్కడికి తీసుకొస్తాడు. నాకు దీపమెందుకు?"

గుమాస్తాకి ప్రాణం లేచొచ్చింది. అంతలో పెద్దాయన గొంతు తగ్గించాడు.

"బాబూ, ఎవరితో అనకు... ఈ చీకటి పుట్టుక నేను చెప్పానని ఉందిక్కడ. ఇంత తలతిక్క మాట ఎప్పుడన్నాను? మూడు రోజులుగా గుర్తు చేసుకుంటున్నా. కళ్లు పోతే పోయాయి... బుర్ర కూడా పోతోందేమోనని భయంగా ఉంది."

దొంగ చీటీ చేతిలోనే ఉంది. చీట్ల సొరుగులో పడేస్తే ఉద్యోగం దక్కుతుంది. ఈయన ఇక బతికినన్నాళ్లూ తనని తనే అనుమానించుకుంటాడు... అంతే.

"అది తమరన్నది కాదండీ." "నేనే అల్లాను."



"హమ్మయ్య," అన్నాడు పెద్దాయన. "బుర్ర బాగానే ఉందన్నమాట."

తిట్టినా బాగుండేది. చూపులేని మనిషి ముందు, కన్ను పొడుచుకున్నా కనబడని ఆ చీకట్లో, గుమాస్తా రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.