నొప్పి లేని నడుము

శనివారం పొద్దున్నే గుమ్‌హీ రైస్ కుక్కర్ మీట నొక్కి, ముందురోజు రాత్రి వచ్చిన పార్సిలు విప్పింది. లోపల బూట్లు. ముదురు ఎరుపు రంగు, ముందంతా వెడల్పు, తాళ్ళకి బదులు అంటించుకునే పట్టీ, పక్కన చిన్న కుట్టుపువ్వు. పెట్టె మీద ఓ ముసలావిడ బొమ్మ. ఎనభై దాటి ఉంటుంది, కట్టుడు పళ్ళతో నవ్వుతోంది. ఇలాంటి వాటికి దుకాణాల్లో ‘అమ్మానాన్నల సేవ బూట్లు’ అని ముద్దుపేరు. కొనిచ్చినవాళ్ళకి పుణ్యం, వేసుకున్నవాళ్ళకి ముసలితనం.

గుమ్‌హీ ఒక బూటు తీసుకెళ్ళి మొగుడి ముక్కు ముందు పెట్టింది. "చూశారా, మీ కోడలు నాకేం పంపిందో!"

మన్సు పేపర్లోంచి తలెత్తి, బూటు అడుగున వేలితో నొక్కి చూశాడు. "మెత్తగా ఉన్నాయే!"

"మెత్తగా ఉన్నాయా? యాభై ఏడేళ్ళండీ నాకు. ఇవేసుకుని ఎక్కడికి పోవాలి, శ్మశానానికా? వాళ్ళమ్మ పుట్టినరోజుకి ఏం కొనిచ్చిందో తెలుసా మీకు? తెల్లటి పరుగు బూట్లు! అరవై మూడేళ్ళావిడకి పరుగు బూట్లు, నాకేమో ఇవి."

"నువ్వేగా మూడేళ్ళుగా నడుం నొప్పి, నడుం నొప్పి అని..."

"మీరు పేపరు చదువుకోండి."

మన్సు పేపర్లోకి తల దూర్చేశాడు. నిజం తెలిసినవాడు ఈ ఇంట్లో అతనొక్కడే. నిజమేమిటంటే, గుమ్‌హీ నడుముకి ఏ నొప్పీ లేదు.

మూడేళ్ళ కిందట కొడుకు గితేకి పెళ్ళయి దాసొమ్ కోడలిగా వచ్చినప్పుడు మొదలైందీ భాగోతం. ఆ నవంబరులో ఏడాదికి సరిపడా కిమ్చీ, అదే క్యాబేజీ ఊరగాయ, పెట్టాలి. అపార్టుమెంటులోని ఆడవాళ్ళు గుమ్‌హీ చుట్టూ చేరి చెవిలో జోరీగల్లా పోరారు. "కోడలొచ్చాక కూడా నువ్వే క్యాబేజీలు మోస్తావా? వంగిపోయి పనిచేసే అత్తంటే ఎవరికి భయం? ఓ మూల కూర్చుని మూలగాలి. రుచి చూసి ‘ఉప్పు చాల్లేదు’ అనాలి. అదీ పెద్దరికం!"

సరే, గుమ్‌హీ మూలిగింది. "అయ్యో నా నడుమూ!" అంటూ సోఫాలో కూలబడింది. కోడలు పరుగున వచ్చి వెనక దిండు పెట్టింది, పళ్ళెంలో పండు కోసిచ్చింది. ఎంత హాయి! పాతికేళ్ళు తన అత్తగారికి చాకిరీ చేసినామెకి ఆ దిండు సింహాసనంలా అనిపించింది. అప్పట్నుంచి కోడలి అడుగుల చప్పుడు వినబడితే చాలు, చెయ్యి దానంతటదే నడుం మీదికి పోయేది. గురువారం గురువారం సూదుల వైద్యానికని చెప్పి, స్నేహితురాళ్ళతో గబగబా కొండెక్కి, పైన కూర్చుని కీరదోసకాయ కొరుక్కుని దిగేది. బయట బస్సులో ఎవరైనా లేచి "కూర్చోండి బామ్మగారూ" అన్నారంటే మాత్రం వాళ్ళ పని అయిపోయినట్టే. "ఎవరు బామ్మ? మీ ఇంట్లో వెతుక్కో!" అనేది.

ఇంట్లో పెద్దరికం కావాలి, వీధిలో పడుచుదనం కావాలి. రెండూ ఎలా కుదురుతాయి?

కుదరలేదు. మనవరాలు బోమికి ఏడాది దాటాక దాసొమ్ మళ్ళీ ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. పాపని తనకే అప్పగిస్తారని గుమ్‌హీ గట్టిగా నమ్మింది. చిన్న చెంచా, చిన్న గిన్నె, కుందేలు బొమ్మల దుప్పటి కొని బీరువాలో దాచుకుంది కూడా. తీరా దాసొమ్ వచ్చి చేతులు పట్టుకుని, "మీ నడుంతో పాపని ఎత్తుకోలేరు కదా అత్తయ్యా. మిమ్మల్ని కష్టపెట్టడం నాకిష్టం లేదు. మా అమ్మ ఇంకా గట్టిగానే ఉంది, తను చూసుకుంటానంది" అని చెప్పింది.

 గుమ్‌హీ ఏమని చెబుతుంది, ఇన్నాళ్ళుగా నాటకమాడానని చెబుతుందా?

ఆ చెంచా, ఆ గిన్నె ఇంకా బీరువాలోనే ఉన్నాయి.

*

ఈ ఏడాది కిమ్చీ పెట్టడానికి పదింటికల్లా అందరూ దిగారు. ఉప్పులో ఊరిన క్యాబేజీలు పెట్టెలకి పెట్టెలు గితే మోసుకొచ్చాడు. దాసొమ్ హాలంతా పట్టా పరిచి, మధ్యలో పెద్ద ఎర్ర రబ్బరు తొట్టి పెట్టింది. వియ్యపురాలు యంగిమ్ గులాబీ రంగు గ్లౌజులు మోచేతుల దాకా లాక్కుని వచ్చింది. కాళ్ళకి అవే తెల్ల బూట్లు. వాటిని గుమ్మంలో విప్పుతున్నంతసేపూ గుమ్‌హీ కళ్ళు అక్కడే ఉన్నాయి.

"మీరు సోఫాలో కూర్చోండి అత్తయ్యా, రుచి చూసి చెబితే చాలు" అంటూ దాసొమ్ అలవాటుగా దిండు తెచ్చి వెనక పెట్టింది. "బూట్లు సరిపోయాయా? మీరు నడవడానికి ఇబ్బంది పడుతున్నారని చాలా వెతికానండీ."

"ఆఁ, సరిపోయాయి" అంది గుమ్‌హీ పళ్ళ బిగువున.

"బోమీ! ఇలా రా తల్లీ" అని చేతులు చాచింది. పాప ఓసారి ఇటు చూసింది, బుడిబుడి అడుగులతో తిన్నగా పోయి యంగిమ్ మెడకి చుట్టుకుంది. యంగిమ్ గ్లౌజుల చేతులు దూరంగా పెట్టి, బుగ్గతో బుగ్గ రాసింది. "పని చేసుకోనివ్వవా నన్ను? రోజంతా ఇంతేనండీ వదినగారూ, చంక దిగదు" అని నవ్వింది.

రోజంతా ఇంతేనట! గుమ్‌హీ చాచిన చేతులు ముడుచుకుంది. ఆ బుగ్గ తన బుగ్గకి తగలాల్సింది. ఆ ఫిర్యాదు తను చేయాల్సింది. జుట్టుకి రంగు, పెదాలకి రంగు, కాళ్ళకి పరుగు బూట్లు. ఎవరిని మాయ చేయడానికో ఈ వేషం? ఆరేళ్ళు పెద్దది, అయినా అందరికీ పడుచులా కనిపిస్తోంది. తను మాత్రం మూలనున్న ముసలిది.

దాసొమ్ కారం కలిపిన ముల్లంగి తురుముని లేత క్యాబేజీ ఆకులో చుట్టి అత్తగారి నోటికందించింది. గుమ్‌హీ నమిలింది. బాగుంది. చాలా బాగుంది. అందుకే ఇంకా మండింది.

"చేపల రసం ఎక్కువైంది. మా ఇంట్లో రొయ్యల ఉప్పే వేస్తాం. ఇది మా ఇంటి కిమ్చీ కాదు" అంది.

"మా వైపు ఇలాగే వేస్తామండీ, అలవాటులో పడిపోయింది. కొంచెం రొయ్యల ఉప్పు కలిపేద్దాం" అంది యంగిమ్ సర్దుకుంటూ.

"కలపండి. అన్నీ మీ ఇష్టమేగా! కిమ్చీ మీ చేత్తోనే, పాప మీ చేతుల్లోనే. నేనెందుకిక్కడ? గోడకి పటంలా వేలాడదీయండి, సరిపోతుంది."

 గితే "అమ్మా!" అన్నాడు. మన్సు అక్కడ లేనట్టు ముల్లంగి తోకలు ఏరుకున్నాడు.

"అలా ఎందుకంటున్నారు అత్తయ్యా?" దాసొమ్ చేతిలోని ఆకు కింద పెట్టేసింది. "మీకు కష్టం కలగకూడదనేగా..."

"ఎవరడిగారమ్మా నిన్ను? నేనేం ముసలిదాన్నా? యాభై ఏడేళ్ళకే ఆ బూట్లు తొడిగి మూల కూర్చోబెట్టి, నా మనవరాలు నన్ను చూస్తే కొత్తవాళ్ళని చూసినట్టు చూస్తుంటే..."

"మీరే కదండీ చెప్పారు, పది నిమిషాలు కూడా నిలబడలేనని! సూదులు గుచ్చించుకుంటున్నానని! నేను నమ్మాను. నమ్మడం తప్పా?"

 మాటల వేడిలో పాపనెవరూ చూడలేదు. బోమి పట్టా దాటొచ్చి, ఎర్రగా మెరుస్తున్న కారం తొట్టి అంచు పట్టుకుని, లోపలికి వంగుతోంది.

ముందు చూసింది యంగిమే. పక్కనే ఉంది కాబట్టి పాపని అందుకుంది కూడా. కానీ ఎత్తబోయేసరికి "అమ్మా!" అని అరిచింది, చేతులు పట్టు తప్పాయి. పాప మొహం తొట్టిలోకి జారుతోంది. సోఫా మీంచి ఎలా లేచిందో, రెండు పెట్టెలు ఎలా దాటిందో గుమ్‌హీకే తెలీదు, ఒంటిచేత్తో పాపని పైకి లాగి చంకనేసుకుంది. కారం పాప ముక్కుకి ఇంకా జానెడు దూరంలోనే ఉండిపోయింది.

పాప బిత్తరపోయి ఏడుపు అందుకుంది. అందరూ గుమ్‌హీనే చూస్తున్నారు. మోకాలెత్తు పెట్టెలు దూకొచ్చిన గుమ్‌హీని. పదకొండు కిలోల పిల్లని కర్చీఫులా ఎత్తిన గుమ్‌హీని.

"అత్తయ్యా..." అంది దాసొమ్. "మీ నడుం?"

అలవాటు ఊరుకుంటుందా! చెయ్యి నడుం మీదికి పోయింది. "అయ్యో" అనబోతూ యంగిమ్ వైపు చూసి ఆగిపోయింది గుమ్‌హీ. జారిపోయిన గ్లౌజు కింద యంగిమ్ మణికట్టు నుంచి మోచేతి దాకా నొప్పికి అంటించుకునే మందు పట్టీలు. ఒకదాని మీద ఒకటి, మాసినవీ కొత్తవీ. రెండో చేతికీ అంతే.

నిజం చెప్పాలంటే, గుమ్‌హీకి ముందు కలిగింది జాలి కాదు, సంతోషం. దొరికావమ్మా! పరుగు బూట్ల పడుచుపిల్లా, దొరికావు! ఇక పాప నాదే.

"ఏం లేదు, ఏం లేదు. కాస్త బెణికింది" అంటూ యంగిమ్ గ్లౌజు పైకి లాక్కోబోయింది. వేళ్ళు మడత పడలేదు. దాసొమ్ ఆ చెయ్యి పట్టుకుని చూసి, అక్కడే పట్టా మీద కూలబడి ఏడ్చింది.

"ఎన్నాళ్ళుగా అమ్మా ఇలా? ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఉద్యోగం మానేస్తానంటావుగా! కష్టపడి తెచ్చుకున్నావు. ఇంకెవరున్నారే చూడ్డానికి? మీ అత్తగారి నడుం అలా ఉంది. నాదింకా గట్టి ఒళ్ళే, రెండు రోజుల్లో తగ్గిపోతుంది."

"మానేస్తాను. సోమవారమే చెప్పేస్తాను."

"దాసొమ్! వద్దమ్మా..."

యంగిమ్ పెదాల రంగు చెరిగిపోయింది. అరవై మూడేళ్ళూ ఒక్కసారిగా ఆ మొహం మీదికొచ్చాయి. గుమ్‌హీ సంతోషం ఎటు పోయిందో పోయింది. తను లేని నొప్పి ఉందని మూలుగుతుంటే, ఈవిడ ఉన్న నొప్పి లేదని నవ్వుతూ తన వంతు బరువు కూడా మోసింది. ఇన్ని రోజులూ ఈవిడనా తను తిట్టుకుంది!

"ఎవరూ ఏమీ మానక్కర్లేదు" అంది గుమ్‌హీ. పాపని ఇంకో చంకకి మార్చుకుంది. "నా నడుం బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉంది."

"అంటే?" అన్నాడు గితే.

"నొప్పి లేదురా. ఏనాడూ లేదు. గురువారాలు సూదులకి కాదు, కొండకి పోతున్నాను. పెద్దరికం కోసం ఆడాను. దిండు పెడుతుంటే బాగుందని ఆడాను. పాపని వదినగారికి అప్పగించాక చెబుదామనుకున్నాను, సిగ్గేసింది."

 బోమి గుమ్‌హీ మెడలో మొహం దాచుకుని వెక్కుతోంది.

"రెండేళ్ళ కిందట" అంది దాసొమ్ మెల్లగా, "నాకు నాలుగో నెల. వేవిళ్ళు తగ్గలేదు. క్యాబేజీలన్నీ ఒక్కదాన్నే కడిగాను. మధ్యలో స్నానాల గదిలోకెళ్ళి వాంతి చేసుకుని వచ్చి మళ్ళీ కడిగాను. పాపం అత్తయ్యకి నడుం నొప్పి కదా అనుకున్నాను."

గుమ్‌హీకి ఆ రోజు గుర్తుంది. పండు ముక్కలు బాగా తియ్యగా ఉన్నాయని కూడా గుర్తుంది. కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి. "తప్పయింది తల్లీ. నువ్వు తిట్టినా పడతాను. ఇక ఎప్పుడూ..." అంటూ ఏడ్చేసింది.

దాసొమ్ ముక్కు తుడుచుకుంది. అత్తగారిని చూసింది, సోఫా మీది దిండుని చూసింది. లేచి, దిండు తీసి తల్లి వెనక పెట్టింది. కొత్త గ్లౌజుల జత తెచ్చి గుమ్‌హీ చేతిలో పెట్టింది.

"పాపని నాకివ్వండి. ఆ తొట్టి ముందు కూర్చోండి అత్తయ్యా. నూట ఇరవై ముక్కలున్నాయి."

"అలాగేనమ్మా!"

"సోమవారం పొద్దున ఏడింటికి పాపని తీసుకొస్తాను. ఆలస్యం చేయొద్దు."

"ఆరున్నరకే వాకిట్లో ఉంటాను" అంది గుమ్‌హీ, ఏడుస్తూనే గ్లౌజులు లాక్కుంటూ.

*

సాయంత్రానికి డబ్బాలన్నీ నిండాయి. ఆకుల మధ్య కారం కూరింది గుమ్‌హీ, తొట్లు కడిగింది గుమ్‌హీ, బరువులన్నీ ఎత్తింది గుమ్‌హీ. ఉడికించిన పంది మాంసం, కొత్త కిమ్చీ అందరూ తింటుంటే, ఆమె యంగిమ్‌ని పడకగదిలోకి తీసుకెళ్ళి మాసిన పట్టీలు ఒక్కొక్కటే తీసి కొత్తవి అంటించింది.

"నా మీద బాగా కుళ్ళుకున్నారు కదూ వదినగారూ?" అంది యంగిమ్.

"చచ్చేంత. ఆ తెల్ల బూట్లని చూస్తే కాల్చేయాలనిపించింది."

"అవి కాళ్ళని కరుస్తున్నాయండీ బాబూ! పాప వెంట పరుగెత్తాలని నేనే అడిగి కొనిపించుకున్నాను. పొద్దున పాపని మీ దగ్గర్నుంచి లాక్కున్నట్టు నవ్వాను చూడండి, అది నా కుళ్ళు. మీ నడుం బాగుపడితే పాప మీదైపోతుందని రోజూ భయపడేదాన్ని."

గుమ్‌హీ పట్టీ అంచుని బొటనవేలితో అదిమింది. "ఐదు రోజులూ నాకొద్దు. మూడు నాకు, రెండు మీకు. చేతులు తగ్గాకే సుమా!" అంది. తర్వాత తలుపు వేసి ఉందో లేదో చూసి, గొంతు బాగా తగ్గించింది.

"వదినగారూ, ఇంకో పట్టీ ఉందా?"

"ఎందుకు?"

"నడుం పట్టేసింది. ఒట్టు, ఈసారి నిజంగానే."

యంగిమ్ ఆమె మొహంలోకి చూసి, పట్టీల చేత్తో నోరు మూసుకుంది. ఇద్దరూ చప్పుడు రాకుండా, మంచం ఊగిపోయేలా, కళ్ళ నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. గుమ్‌హీ స్వెటరు పైకెత్తి వెనక్కి తిరిగింది. చల్లటి పట్టీ నడుముకి తగలగానే "హమ్మయ్య" అంది.

తలుపవతల దాసొమ్ గొంతు వినిపించింది. "అత్తయ్యా, ఆ బూట్లు వాపసు పంపేస్తానండీ. మీకెందుకవి?"

గుమ్‌హీ గబుక్కున స్వెటరు దించుకుంది. "వద్దులేమ్మా, ఉండనీ!" అంది. "పాపనెత్తుకుని తిరగాలిగా. మెత్తగా ఉన్నాయి."