వారానికో ముక్క నలుపు

సునయన నీళ్ల బాటిల్ మూత తీసి, అందరూ చూస్తుండగానే తన కారు వెనక బంపర్ మీద ఒంపేసింది.

బంపర్ మీంచి నల్లటి నీళ్లు కారాయి. కారి, ఆమె లేతపసుపు చుడీదార్ అంచు మీదా నాలుగు చుక్కలు పడ్డాయి. నీళ్లు పారిన మేర బంపర్ మళ్లీ వెలిసిపోయిన బూడిదరంగుకి వచ్చేసింది.

"చూశారా? నిన్నటి వానకి ఆఫీస్ పార్కింగ్ అంతా ఇదే వాగు. అసలు మీరు పూసింది రంగా, కాటుకా?"

వెంకట్రామ్ చేతిలో గుడ్డతో అలాగే నిలబడిపోయాడు. చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో కార్లు కడిగి, మెరుగుపెట్టే షాపు అతనిది. తిట్టిన కస్టమర్లు ఇంతకుముందూ ఉన్నారు గానీ, రుజువు చేతపట్టుకుని వచ్చి తిట్టింది మాత్రం ఈ అమ్మాయే.

"మేడమ్, ఈ కారు నేను చూడనే లేదు."

"అబద్ధం చెప్పకండి. నీలం షట్టర్. నాకు బాగా గుర్తుంది."

"ఈ వీధిలో నీలం షట్టర్లు రెండు ఉండాయి మేడమ్. మీరు పోయింది ఈడ కాదు, ఆడ." అతను వేలు చూపించాడు.

సునయన అటు తిరిగింది. నాలుగు షాపుల అవతల అచ్చం ఇలాంటి నీలం షట్టరే, తాళం వేసి ఉంది. అంతసేపూ పెంచి తెచ్చుకున్న కోపాన్ని ఎక్కడ దించాలో ఆమెకి తోచలేదు.

"సారీ అండీ. చాలా సారీ."

"పర్వాలేదు. ఆ షాపు ఆయప్ప పూసింది నూనె మాదిరిది. పూసిన రోజు తళతళమంటాది, వానకి పోతాది."

"మరి మీరేం పూస్తారు?"

"ఎండకి ఈ నల్ల ప్లాస్టిక్ భాగాల పైపొర తెల్లగా పొడి పొడి అయిపోతాది. ముందు బ్రష్‌తో బాగా తోమాల, స్పిరిట్ పెట్టి తుడవాల, దాని మీద కోటింగ్ వెయ్యాల. ఒక రోజంతా తడి తగలకూడదు. అట్ల చేస్తే నిలబడతాది. కానీ ఒకటి మేడమ్, ఇదంతా చూపుకే. చేయించకపోయినా మీ కారుకి వచ్చే నష్టం ఏమీ లేదు."

సునయన అతని వైపు వింతగా చూసింది. భీమవరం నుంచి చెన్నై వచ్చినప్పటి నుంచీ ఇంటి బ్రోకర్ మొదలుకొని కారు అమ్మినవాడి దాకా అందరూ ఆమెకి ఏదో ఒకటి అంటగట్టినవాళ్లే. 'అక్కర్లేదు' అన్నవాడు ఇతనొక్కడే.

అలాగని వెంటనే నమ్మే రకం కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె ఉద్యోగమే టెస్టింగ్. పొద్దున లేస్తే ఎవరో ఒకరి పనిలో తప్పు పట్టి తీరాలి.

"అయితే ముందు ఈ బంపర్ ఒక్కటీ చెయ్యండి. వారం రోజులు టెస్ట్ చేస్తాను. పాసైతే మిగతాది."

వెంకట్రామ్ నవ్వాడు. "సరి మేడమ్. పరీక్ష పెట్టండి."

మరుసటి శనివారం ఆమె మళ్లీ బాటిల్‌తోనే దిగింది. ఈసారి నీళ్లు బంపర్ మీద ముత్యాల్లా నిలబడి, తెల్లగానే జారిపోయాయి. ఆమె ముఖంలో విరిసిన నవ్వు చూడగానే వెంకట్రామ్‌కి చెప్పాల్సిన మాట మర్చిపోయి, చెప్పకూడని మాట నోటికొచ్చింది.

"మిగతాది ఒకేసారి చెయ్యకూడదు మేడమ్. వారానికి ఒక ముక్కే. ఒకటి బాగా పట్టినాకనే ఇంకోటి."

పచ్చి అబద్ధం. కారు మొత్తం ఒక పూట పని. 'ముక్క ముక్కగా' అన్న ఆలోచన ఆమెదే అయినా, ఆమె దాన్ని జాగ్రత్త కోసం వాడుకుంది. ఇతను శనివారాల కోసం వాడుకున్నాడు.

"ఓ, అలాగా! మీరెలా అంటే అలాగే" అంది సునయన. బాటిల్ మూత బిగించి బ్యాగులో పెట్టేసుకుంది.

ఆ తర్వాత శనివారాలకి రెక్కలొచ్చాయి. ఒక వారం కుడివైపు తలుపుల కింది పట్టీలు. ఇంకో వారం చక్రాల పైన అంచులు. అతను స్టూల్ మీద వంగి తోముతూ ఉంటే, ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కబుర్లలో పడేది.

"ఇంతకీ మీది తెలుగా, తమిళమా?"

"తెలుగే. మా తాతల కాలం నుంచి ఈ ఊళ్లోనే, వ్యాసర్పాడి పక్కన. ఇంట్లో పప్పుల వ్యాపారం. కొట్లో కూర్చోమంటే నేను కార్లు తోముతా అన్నా. మా నాయన ఇంకా కోపంగానే ఉండాడు."

"'ఉండాడు'! ఎంత బావుందో. ఇంకోసారి అనండి."

"ఎగతాళా? మీరు ప్రతి మాటకీ 'అండీ' అంటారే, దానికి నేనేమన్నా అన్నానా అండీ?"

ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన కొట్టింది. అప్పుడే కోటింగ్ వేసిన పట్టీల మీద జల్లు పడకుండా ఇద్దరూ చెరో కొస పట్టుకుని టార్పాలిన్ అడ్డంగా నిలబెట్టారు. కారు పొడిగానే ఉంది. వీళ్లిద్దరే తడిసి ముద్దయ్యారు.

"కారుకి గొడుగు పట్టి నేను తడవడమేంటండీ!" అంది సునయన, కళ్ల మీద పడ్డ జుట్టు మోచేత్తో వెనక్కి తోసుకుంటూ. వెంకట్రామ్ చూస్తూ ఉండిపోయాడు. ఆమె కూడా చూపు తిప్పుకోవడానికి కాస్త ఆలస్యం చేసింది.

ఆయుధపూజ వచ్చింది. వెంకట్రామ్ పిలిస్తే సునయన కొత్త చీర కట్టుకుని మరీ వచ్చింది. షాపులో బ్రష్షులు, మిషన్లు అన్నీ కడిగి వరసగా పేర్చి పూలు పెట్టారు. వెంకట్రామ్ తల్లి కస్తూరి ప్రతి వస్తువుకీ చందనం పూసి కుంకుమ దిద్దుతూ, సునయన కారు దాకా వచ్చి ఆగింది. కుడివైపు ప్లాస్టిక్ అంతా నిగనిగలాడే నలుపు. ఎడమవైపు అదే పాత బూడిదరంగు.

"ఏందిరా వెంకటా, ఈ పాప కారు సగమే చేసి పెట్టినావు? మన పక్కకొట్టు ముఖేష్ కారు పొద్దున పెట్టి, భోజనం లోపల మొత్తం ముగించి పంపిస్తివే!" అంటూనే రెండు వైపులా చందనం పూసి, బొట్లు పెట్టేసింది.

సునయన గుప్పిట్లో ప్రసాదంగా పెట్టిన బొరుగులు ఉన్నాయి. నోటి దాకా వెళ్లిన చెయ్యి ఆగింది. వెంకట్రామ్ వైపు తిరిగింది.

"మొత్తం ఒక్క పూటలో అయిపోతుందా?"

ఆ కారు ప్లాస్టిక్ వేరు, మీ కారుది వేరు అనే మాట అతని నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాడు.

"అయిపోతాది."

"మరి వారానికో ముక్క అన్నారు?"

"అబద్ధం చెప్పినా."

ఆమె బొరుగులు పళ్లెంలో తిరిగి పోసేసి, తాళంచెవి తీసుకుంది.

"శనగల సుండల్ కూడా తినకుండా పోతావేం పాపా?" అంది కస్తూరి.

"పనుందండీ" అని సునయన కారెక్కింది.

దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది. బంపర్‌ని టెస్ట్ చేసింది, కోటింగ్‌ని టెస్ట్ చేసింది. ఈ ఊళ్లో టెస్ట్ చెయ్యకుండా నమ్మింది అతని మాట ఒక్కటే.

షాపులో కస్తూరి కొడుకు ముఖం చూసి గొంతు తగ్గించింది. "నేనేమన్నా తప్పుగా అంటినా?"

"నువ్వు సరిగ్గానే అన్నావమ్మా. తప్పు నాది."

మరుసటి శనివారం ఆమె రాలేదు. వెంకట్రామ్ ఫోన్‌లో పెద్ద పెద్ద సంజాయిషీలు టైప్ చేశాడు. చదువుకుంటే అవన్నీ మంచివాడిలా కనపడ్డానికి రాసినట్టే ఉన్నాయి. అన్నీ తుడిచేసి "సారీ" అని మాత్రం పంపాడు. జవాబు రాలేదు. ఆ పై శనివారం కారు వచ్చి షాపు ముందు ఆగింది.

"మిగిలింది చేసెయ్యండి. ఎంతసేపు?" అంది సునయన దిగీదిగగానే.

"రెండు గంటలు."

"ఉంటాను."

కుర్చీ దూరంగా వేసుకుంది. కోటింగ్ ఉన్న వైపు చందనం బొట్లు ఎప్పుడో వానకి కడుక్కుపోయాయి. ఎడమవైపు పొడిబారిన ప్లాస్టిక్ మాత్రం వాటిని పీల్చేసుకుని ఎర్రగా, పచ్చగా మరకలు పడి ఉంది. వెంకట్రామ్ సబ్బు నురగ పెట్టి తోముతూనే ఉన్నాడు.

"ఎందుకు?" అంది ఆమె.

అతను తల ఎత్తలేదు. "శనివారం మీరు వస్తారని."

"అడిగితే రాకపోదునా?"

"రానంటారేమో అని భయం. కారు పనంటే తప్పకుండా వస్తారు కదా."

"అదే వెంకట్రామ్ గారూ! రాకుండా ఉండే వీలు నాకు లేకుండా చేశారు. శుక్రవారం రాత్రే రేపేం కట్టుకోవాలా అని బీరువా ముందు నిలబడేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే, వచ్చింది కారు కోసమా, నా ఇష్టంతోనా, నాకే తెలీట్లేదు. అది పాడుచేశారు మీరు."

వెంకట్రామ్ బ్రష్ కింద పెట్టి లేచాడు. చేతుల నిండా నురగ.

"మీరు చెప్పింది నిజం. ఈ మాట ముందే చెప్పుండాల, ధైర్యం లేకపోయింది. మీరంటే నాకు చానా ఇష్టం. దానికి జవాబు ఏమీ అడగను. ఈ రోజుతో పని మొత్తం అయిపోతాది. ఇంక ఈ కారుకి నా అవసరం లేదు."

చివరి అంచు దాకా అతను అంతే శ్రద్ధగా పూర్తిచేశాడు. రేపటిదాకా తడవనివ్వకండి అన్నాడు. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

తర్వాతి శనివారం మధ్యాహ్నం నుంచే వాన. షాపులో ఒక్క బండి లేదు. వెంకట్రామ్ షట్టర్ సగం దించుతూ ఉండగా, బస్టాప్ వైపు నుంచి గొడుగు ఒకటి గాలికి ఊగిపోతూ వచ్చింది. మోకాళ్ల దాకా తడిసిన చుడీదార్‌తో, చెప్పులు చేత్తో పట్టుకుని సునయన.

అతను ముందు ఆమె వెనక కారు కోసం చూశాడు. రోడ్డు ఖాళీ.

"కారేది? కోటింగ్ ఏమన్నా పోయిందా?"

"కారు నిక్షేపంగా ఉంది. ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాను."

"ఈ వానలో బస్సులోనా? ఎందుకు?"

"కారు లేకపోయినా వస్తానా, రానా అని టెస్ట్ చేశాను."

వెంకట్రామ్ షట్టర్ మళ్లీ పైకి ఎత్తేశాడు.

"రిజల్ట్ ఏమి?"

సునయన గొడుగు మూసి, లోపలికి వచ్చి, అతని ఎదురుగా నిలబడింది.

"మా కొరట్టూరు నుంచి బస్సులో సీటు దొరక్క నిలబడే వచ్చాను. ఇంకా రిజల్ట్ అడుగుతారేంటండీ?"