నీలి తలుపు సందులో రెండు నిమిషాలు

లియోన్‌లో క్రొయ్ రూస్ కొండవాలు మీద ఒక నీలి తలుపు ఉంది. తోసుకుని లోపలికి వెళ్తే సందు... ఇళ్ళ కడుపులోంచి మెలికలు తిరిగి, మధ్యలో చిన్న వాకిలి దాటి, కింది వీధిలో తేలుతుంది. ఇలాంటి సందులు ఆ ఊళ్ళో బోలెడు. పట్టు తానులు వానలో తడవకుండా మోసుకెళ్ళడానికి పాతకాలం నేతగాళ్ళు వాడుకున్న దారులు. పగలు అందరూ నడుస్తారు. ఈ నీలి తలుపులోకి మాత్రం పొద్దుగూకాక కొండ మీదివాళ్ళెవరూ అడుగుపెట్టరు. నూట ఇరవై మెట్లు చుట్టు తిరిగైనా దిగుతారు గానీ...

ఎందుకయ్యా అంటే తలో మాటా చెబుతారు. మగ్గాల కింద తెగిన దారాలు ఏరే పిల్ల ఒకతి, ఓ చలికాలం రాత్రి రెండు తలుపులూ మూసేస్తే లోపలే ఉండిపోయిందట. పెద్దవాళ్ళెవరో వెనక్కి చూసుకోకుండా వెళ్ళిపోయారట. అదంతా ఉత్తదే, సందులో గాలి అలా కూస్తుందంతే అని మరికొందరు. గాలే అయితే మెట్ల చుట్టూ ఎందుకు తిరుగుతున్నారో వాళ్ళే చెప్పాలి!

నేను చెప్పబోయేది ఆ వాకిలి ఇంట్లో ఉండే ముసలావిడ మదాం పెర్రషోన్ దగ్గర విన్నది. ఆవిడేమో ఫాబ్రిస్ నోటే విన్నది.

ఫాబ్రిస్ పారిస్ మనిషి. మంచివాడే గానీ ఒట్టి పరధ్యానం. కూతురు సెలెస్తీన్‌ని ఒకసారి ఈతకొలను దగ్గర మర్చిపోయి ఇంటికొచ్చేసిన ఘనుడు! భార్య ఓరేలీతో విడాకులయ్యాక ఆదివారాలు మాత్రం పిల్లని చూడనిచ్చారు, అదీ ఓరేలీ అక్క కాపలాగా కూర్చుంటేనే. ఏడాదిన్నర అలా గడిచాక, ఆ డిసెంబరు ఎనిమిదిన మొదటిసారి తండ్రీకూతుళ్ళని ఒంటరిగా పంపారు.

పొద్దున పారిస్ స్టేషన్లో, లియోన్ రైలు దగ్గర, ఓరేలీ పిల్ల మెడకి మఫ్లరు చుడుతూ అంది. "రాత్రి తొమ్మిదికి ఇక్కడే నుంచుంటాను, ఫాబ్రిస్. ఈసారి తేడా వచ్చిందో, ఇక దీన్ని ఫోటోల్లో చూసుకోవాల్సిందే."

"నన్ను మరీ అంత తీసిపారెయ్యకు."

"నేనేం పారెయ్యలేదు. పారేసుకునే అలవాటు నీది."

ఆ మాట రోజంతా గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయినా రోజు మాత్రం భలే గడిచింది. ఎర్ర బాదం పలుకుల టార్ట్ కొని సగం తిన్నారు, సగం పొట్లం కట్టించారు. చీకటి పడ్డాక ఊరంతా కిటికీ గట్ల మీద గాజు గిన్నెల్లో కొవ్వొత్తులు వెలిగాయి. ఆ రోజు ఆ ఊరి ఆచారం అది. సెలెస్తీన్ గంతులేస్తుంటే ఫాబ్రిస్ వీడియోలు తీసి తీసి... ఫోన్ చచ్చిపోయింది.

గోడ మీది గడియారం ఆరున్నర కొట్టింది. ఏడూ నాలుగుకి రైలు! మెట్ల మీద చూస్తే ఇసకేస్తే రాలనంత జనం.

అప్పుడు కనబడింది నీలి తలుపు. పక్కన గోడకానుకుని ఒకాయన సిగరెట్ కాలుస్తున్నాడు.

"ఇది కింది వీధికి పోతుందా మిస్యూ?"

"పోతుంది. మీరు పోకండి."

"మాకు రైలుంది."

"పోతే ఇంకోటి వస్తుంది. పారిస్ వాళ్ళకి ఎప్పుడూ తొందరే..." ఆయన పిల్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. "పిల్లతో అసలే వద్దు."

ఫాబ్రిస్ అప్పటికే తలుపు తోసేశాడు.

లోపల బటన్ నొక్కితే లైటు వెలిగింది. రెండు నిమిషాలు వెలిగి దానంతటదే ఆరిపోయే రకం. తడి గోడలు, అరిగిన మెట్లు... తలుపు మూసుకోగానే వీధిలో గోల చప్పున ఆగిపోయింది. ఇద్దరి అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

వాకిట్లోకి వచ్చారు. మూడో అంతస్తులో ఒక కిటికీ నిండా దీపాలు.

"నాన్నా, చూడు! ఒక్కసారి ఆగవా..." సెలెస్తీన్ గుసగుసగా అంది.

"నీ దీపాలకో దండం! నడువ్!" కసిరాడు.

ఆ పిల్ల హుడ్ ముక్కు దాకా లాక్కుంది. అచ్చం తల్లి అలక. పాపం అనిపించింది ఫాబ్రిస్‌కి, కానీ ఆగలేదు. చెయ్యి పట్టుకుని రెండో సందులోకి లాక్కుపోయాడు. కింది తలుపు కనబడుతోంది. ఇంకో పదడుగులు...

టక్.

లైటు ఆరిపోయింది.

కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. పారిస్‌లో తన బిల్డింగులో తలుపు పక్కన రెండు బటన్లుంటాయి. పైది లైటుకి, కిందది తలుపుకి. ఇరవయ్యేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పైకి పోతుంది. కానీ ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో పిల్ల.

"ఒక్క క్షణం తల్లీ," అని పిల్ల చెయ్యి వదిలేశాడు.

గోడ తడుముకుంటూ తలుపు దాకా వెళ్ళాడు. పై బటన్ దొరికింది. నొక్కాడు. లైటు రాలేదు... గొళ్ళెం ఊడిన చప్పుడైంది. ఇక్కడ పైది తలుపుది! ఒళ్ళు మండింది గానీ, తలుపైతే తెరుచుకుంది కదా. భుజంతో తోసి పట్టుకున్నాడు. బయటి గోల వరదలా వచ్చిపడింది. చెయ్యి వెనక్కి చాచి, "రా, రా!" అన్నాడు.

చిన్న చెయ్యి వచ్చి అతని చేతిలో దూరింది.

ఐసుగడ్డలా ఉంది. "గ్లౌజులేం చేశావే?" అన్నాడు. జవాబు లేదు. అలక ఇంకా తీరలేదన్నమాట. పరుగో పరుగు.

జనంలో, మెట్రోలో, ప్లాట్‌ఫాం మీద... ఆ చెయ్యి ఒక్కసారి కూడా వదల్లేదు. ఒకటి రెండుసార్లు తిరిగి చూశాడు. వంచిన తల, కిందికి లాగిన హుడ్. ఆ మాత్రం కనబడిందని తర్వాత మదాం పెర్రషోన్‌తో ప్రమాణం చేసి మరీ చెప్పాడు.

రైలు కదిలాక టార్ట్ పొట్లం విప్పి ముందు పెట్టాడు. ముట్టలేదు. "సారీ తల్లీ. ఇంకెప్పుడూ కసరను." పలకలేదు. కిటికీ వైపు ముడుచుకుని పడుకుంది. తన కోటు తీసి కప్పాడు.

కండక్టరు వచ్చి టికెట్లు చూశాడు. "రెండోది?"

"మా అమ్మాయి. నిద్రపోతోంది."

కండక్టరు కోటు వైపు చూశాడు. ఫాబ్రిస్ వైపు చూశాడు. "సరే మిస్యూ..." అని మెల్లగా అనేసి ముందుకెళ్ళిపోయాడు. పిల్ల లేస్తుందని గొంతు తగ్గించాడు కాబోలు, ఎంత మర్యాదస్తుడో అనుకున్నాడు ఫాబ్రిస్.

పారిస్. తొమ్మిదికి రెండు నిమిషాలు తక్కువ. బతుకులో మొదటిసారి చెప్పిన టైముకి వచ్చాడు! ఇక ప్రతి ఆదివారం నా కూతురు నాదే అనుకుంటూ, చిన్న చెయ్యి పట్టుకుని రైలు దిగాడు.

ఓరేలీ ఎదురొస్తోంది. చెవి దగ్గర ఫోన్. మొహమంతా కన్నీళ్ళు.

"చూశావా, టైముకే..."

"రెండు గంటలుగా చేస్తున్నాను! ఫోన్ ఎందుకు తియ్యవు?" కీచుగా అరిచింది. "చీకట్లో పసిదాన్ని వదిలేసి వస్తావా? ఎవరో ముసలావిడ చేరదీసింది కాబట్టి సరిపోయింది. ఒక్కడివే రైలెక్కి రావడానికి మనసెలా వచ్చింది నీకు!"

"ఒక్కడినేమిటి, ఓరేలీ..."

ఆమె ఫోన్ స్పీకర్ ఆన్ చేసి అతని మొహం ముందు పెట్టింది.

"నాన్నా?" సెలెస్తీన్ గొంతు. ఎక్కిళ్ళు. "నువ్వు చెయ్యి వదిలావు కదా... దీపాలు ఒక్కసారి చూసి వచ్చేశాను. వచ్చేసరికి తలుపు మూసుకుపోయింది. పిలిచాను నాన్నా... చాలాసార్లు పిలిచాను..."

ఫాబ్రిస్ కుడిచేతిలో చల్లటి వేళ్ళు ఒక్కొక్కటే బిగుసుకుంటున్నాయి.

"ఆ చెయ్యి ఏమిటి, అలా పెట్టుకున్నావు?" ఓరేలీ అతని పక్కన ఖాళీలోకి చూస్తూ అడిగింది.

"నాన్నా," ఫోన్‌లోంచి మళ్ళీ, "నన్ను తీసుకెళ్ళడానికి వస్తావా?"

"వస్తాను తల్లీ... ఇప్పుడే వస్తాను."

చెయ్యి ఒక్కసారి కిందికి లాగింది. నడుము దగ్గర్నుంచి, హుడ్ లోపల్నుంచి, సన్నటి గొంతు మొదటిసారి మాట్లాడింది...

"అక్కడికి నేను రాను నాన్నా."