పద్మావతి పేరున్న పురుగు

టీ తాగి వచ్చేసరికి ల్యాబ్‌లో బల్ల మీద కప్పులు లేవు. టేబుల్ లైటు మాత్రం వెలుగుతోంది.

శామ్యూల్ బల్ల కింద చూశాడు. కిటికీ గట్టు మీద చూశాడు. టీకి వెళ్లే ముందు ఒక్కో ప్లాస్టిక్ కప్పులో ఒక్కో నత్తను వేసి, నీళ్లు పోసి, లైటు కింద పెట్టి వెళ్లాడు. అవి లడఖ్ చెరువుల నుంచి ఐసు పెట్టెలో బెంగళూరుకు వచ్చిన నత్తలు.

"నత్తల కోసమా? ఫ్రిజ్‌లో ఉండాయి" అంది వెనక నుంచి ఒక గొంతు.

తిరిగి చూశాడు. ఎవరో కొత్తమ్మాయి. వేసుకున్న తెల్లకోటుకు అంగడి మడతలు ఇంకా పోలేదు.

"ఫ్రిజ్‌లో ఎవరు పెట్టారండీ?"

"నేనే. పాపం, మంచులో పుట్టినవి. మీరు లైటు కింద పెట్టి ఉడకబెడతా ఉండారు."

"నత్తకు చలే కావాలి, ఒప్పుకుంటాను. కానీ నాకు కావలసింది నత్త కాదు. దాని కడుపులో ఉన్న పురుగు. వెచ్చగా, వెలుతురుగా ఉంటేనే అది నీళ్లలోకి వస్తుంది."

"పురుగు కోసం లడఖ్ పోవాల్నా? మా ఆనేకల్‌లో కావలసినన్ని నత్తలుండాయి కదప్పా!"

"మీ ఆనేకల్ నత్తల పురుగుల గురించి పుస్తకాల్లో ఉంది. లడఖ్ నత్తల్లో ఎన్ని రకాలున్నాయో ఎవరూ సరిగా చూడలేదు."

"అయితే చూడండి. మళ్లీ వెచ్చబెట్టుకోండి" అని ఆమె ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుంది.

2002 జూన్‌లో శామ్యూల్‌కీ, పద్మావతికీ పరిచయం ఇలా జరిగింది.

శామ్యూల్‌ది ఒంగోలు. ప్రొఫెసర్ మునినారాయణప్ప దగ్గర రిసెర్చి చేస్తున్నాడు. నత్తల్లోంచి వచ్చిన చదును పురుగు పిల్లల్ని మైక్రోస్కోపులో చూసి, పెన్సిల్‌తో గీసి, ఏ రకమో తేల్చడం అతని పని. పద్మావతి అదే పురుగు డీఎన్ఏ తీసి చదవాలి. ఆకారంలో తేలనిది ఆమె దగ్గర తేలాలని ప్రొఫెసర్ ఉద్దేశం.

"ఇది పురుగా, గాలిపటమా?" అనేది పద్మావతి అతని బొమ్మ చూసి.

"తోక ఉంది కదా. ఏదనుకున్నా నష్టం లేదు."

నెల తిరిగేలోగా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

సాయంత్రం ఇద్దరిదీ ఒకటే బస్సు. శామ్యూల్ హెబ్బగోడిలో అద్దె గదిలో ఉండేవాడు. పద్మావతి ఇంకా ముందుకు, ఆనేకల్ దాకా వెళ్లాలి. ఒక రోజు వాన పడుతుంటే అతను దిగలేదు.

"నీ స్టాపు పాయె" అంది పద్మావతి.

"నిద్ర పట్టేసింది."

"కండ్లు తెరుచుకోనేనా?"

ఆ రోజు ఆనేకల్‌లో వాళ్లింట్లో కాఫీ తాగాడు. ముందుగదిలో మగ్గం ఉంది. దాని పక్కన కూర్చున్న అవ్వ సొన్నమ్మ అతన్ని పై నుంచి కింది దాకా చూసింది.

"ఏం పని చేస్తావు నాయనా?"

"నత్తల కడుపులో పురుగులు చూస్తానవ్వా."

"చూసి?"

"బొమ్మ గీస్తాను."

అవ్వ మనవరాలి వైపు తిరిగింది. "ఈ పిల్లోడు బాగుండాడు. పనే అర్థం కాలేదు" అంది.

ఆ చలికాలానికి పదకొండు రకాల పురుగులు తేలాయి. అంత చలిలో రెండు మూడు రకాలకు మించి ఉండవని అందరూ అనుకున్నారు. పదకొండోది ఏ పుస్తకంలోని బొమ్మతోనూ కలవలేదు. శామ్యూల్ దాన్ని మళ్లీ మళ్లీ గీశాడు. కొత్తదేనని నిశ్చయించుకున్నాడు.

కొత్త జీవిని కనిపెట్టినవాడు దానికి పేరు పెట్టవచ్చు. సొంత పేరు పెట్టుకోవడం మర్యాద కాదు. ఇంకొకరి పేరు పెడితే అది వాళ్లకు గౌరవం. ఈ విద్యలో ఉన్నవాళ్లకు అంతకు మించిన కానుక లేదని శామ్యూల్ నమ్మకం. పద్మావతిని పెళ్లి చేసుకోమని అడగాలని ఆరు నెలలుగా అనుకుంటున్నాడు. నోరు పెగలడం లేదు. ఈ పేరు వింటే ఆమెకు అర్థమవుతుందనుకున్నాడు.

ఆమెకు ముందుగా చెప్పలేదు. శనివారం ల్యాబ్ సెమినార్‌లో ఆఖరి స్లయిడ్ మీద పురుగు బొమ్మ వేసి, కింద ఉన్న పేరు చదివాడు. అందులో పద్మావతి ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో ఎవరో ఈల వేశారు.

పద్మావతి లేచి నిలబడింది. "దీని డీఎన్ఏ ఇంకా నా దగ్గరే ఉంది సార్. చూసినాక పేరు పెడదాం" అంది ప్రొఫెసర్‌తో.

శామ్యూల్ స్లయిడ్ ఆపేశాడు.

రెండు వారాలకు ఆమె క్యాంటీన్‌లో అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అది కొత్తది కాదు శామ్యూల్. ఉత్తరాన మంచు దేశంలో ఎవరో ఎప్పుడో పేరు పెట్టేసినారు. పెద్దయినాక బాతుల పేగుల్లో బతికేది కదా. బాతులే ఈ చెరువు నుంచి ఆ చెరువుకు మోసుకోని వచ్చుంటాయి."

"ఖాయమా?"

"మూడు సార్లు చేసినా."

"నీకు నచ్చలేదా ఆ పేరు?"

"రేపు ఎవరో వచ్చి కొట్టేసే పేరు నాకెందుకు?"

శామ్యూల్ గ్లాసు పక్కకు జరిపాడు. "సరే. తీసేస్తాను" అన్నాడు.

"అంతేనా?"

"అంతేగా."

లేచి వెళ్లిపోయాడు. పేపరు పదకొండు రకాలతో, పదకొండోదానికి పాత పేరుతోనే అచ్చయింది. ఆ లోపే అతను విశాఖపట్నంలో చేపల పరిశోధన ఉద్యోగం చూసుకున్నాడు. పద్మావతి సెలవులో ఉన్న రోజు చూసి బయలుదేరాడు.

2009 ఆగస్టులో విద్యార్థులకు పాఠం చెప్పడానికి అదే ల్యాబ్‌కు వచ్చాడు. పద్మావతి అక్కడే ఉద్యోగం చేస్తోంది. మెడలో నల్లపూసలు ఉన్నాయి.

"ఇంకా గాలిపటాలు గీస్తా ఉండావా?"

"గీస్తున్నాను. పెళ్లెప్పుడైంది?"

"మూడేండ్లాయె. ఆయనకు నగర్తపేటలో అంగడి ఉంది. నీకు?"

"లేదు."

పాఠం అయ్యాక ఇద్దరూ క్యాంటీన్‌కు వెళ్లారు. బయట వాన పట్టుకుంది.

"ఒకటి అడుగుతా" అంది పద్మావతి. "ఆ పొద్దు అట్ల లేచి ఎందుకు పోయినావు?"

"నువ్వు కాదన్నావు కదా."

"కొత్తది కాదన్నా. పురుగుని. నన్ను నువ్వు అడిగిందెప్పుడు?"

"అందరి ముందు నీ పేరు పెట్టాను. ఇంకా ఎలా అడగాలి?"

"సార్ కూడా ఒక పురుగుకి వాళ్ల గురువు పేరు పెట్టినారు. ఆయన్ని పెండ్లి చేసుకున్నారా?"

శామ్యూల్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతని నవ్వు కూడా ఆగిపోయింది.

"నీకు తెలియలేదా, నిజంగా?"

"తెలిసె. తెలిసే, ఆ పేరు తప్పని నేనే చెప్పాలనుకుంటి. వేరేవాళ్లు చెప్పి నిన్ను నవ్వులపాలు చేయకూడదని. పేరు పోతే పోనీ, ఇప్పుడైనా మాట అడుగుతావని 'అంతేనా' అన్నా. నువ్వు అంతేగా అన్నావు."

"మీ ఇంట్లో ఒప్పుకోరని కూడా భయం ఉండేది. నేను చర్చికి వెళ్లేవాణ్ణి."

"మా నాయన కోపం చేసుకునేవాడే. అవ్వ ఆయనకు సర్దిచెప్పేది. నత్తలబ్బాయి ఎప్పుడొస్తాడని పోయేదాకా అడిగె."

శామ్యూల్‌కు సొన్నమ్మ పోయిందని అప్పుడే తెలిసింది. ఎప్పుడు అని అడగలేకపోయాడు.

వాన తగ్గలేదు. గేటు దగ్గర పద్మావతికి ఆటో దొరికింది. ఎక్కి కూర్చుని, పక్క పరదా పైకెత్తింది.

"ఇంకెవరినైనా అడిగేదుంటే, నోటితో అడుగు శామ్యూల్."

నిన్నే అడగాలనుకున్నాను అనే మాట అతని నాలుక మీదికి వచ్చింది. ఏడేళ్లలో అంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

శామ్యూల్ తల ఊపాడు.

ఆమె ఒక్క క్షణం చూసి, పరదా దించుకుంది.