వెనక చక్రాల గొణుగుడు

"మేస్త్రిగారు లేరా?"

బండి కింద పడుకుని ఉన్న ఆమెకు ముందు కనిపించినవి బురద పట్టిన బూట్లు. వాటి పైన, గడ్డి పరకలు అంటుకున్న ప్యాంటు. ఆ పైన ఏముందో తెలియాలంటే బయటికి రావాలి. చక్రాల పలక మీద పడుకున్నట్టే జర్రున బయటికి జారింది.

"మీ ఎదురుగానే ఉన్నాను. చెప్పండి."

అతను గబుక్కున ఓ అడుగు వెనక్కి వేశాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట థర్మామీటరు ఉంది.

"అంటే... పెద్ద మేస్త్రిగారు కావాలి."

"ఆయన మా నాన్న. కంటి ఆపరేషనైంది. నెల రోజులు వంగకూడదు, బరువులెత్తకూడదు. నేను చిన్న మేస్త్రిని. మీకు వయసు కావాలా, పని కావాలా?"

షెడ్డు గుమ్మం పక్కన కుర్చీలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్న ఆమె తండ్రి కిసుక్కున నవ్వాడు.

"పనే కావాలండీ," అన్నాడతను చెవులు ఎర్రబడుతుంటే. "బండి వెనకాల ఎవరో గొణుగుతున్నట్టుంది. యాభై దాటితే ఆ గొణుగుడు ఏడుపవుతుంది. మలుపు తిరిగితే పళ్ళు కొరుకుతుంది."

ఆమెకు ముచ్చటేసింది. వచ్చే వాళ్ళందరూ 'ఏదో సౌండొస్తోంది' అని చేతులు దులుపుకునే వాళ్ళే. రోగాన్ని ఇంత వివరంగా చెప్పిన వాడు ఇతనొక్కడే.

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలలు."

"ఈ రెండు నెలలూ ఏం చేశారు?"

అతను తల గోక్కున్నాడు. "రేడియో సౌండు పెంచాను."

ముచ్చట కాస్తా ఆవిరైపోయింది. తాళం చెవి లాక్కుని, ఆ ఎస్‌యూవీని షెడ్డు ముందున్న ఖాళీ జాగాలో ఇరుకుగా గుండ్రంగా తిప్పింది. స్టీరింగు చివరిదాకా తిప్పిన ప్రతిసారీ బండి వెనకభాగం మొరాయించి కుదుపులిచ్చింది. దిగి నాలుగు చక్రాలనూ తడిమి చూసింది. మూడు టైర్లు అరిగి నున్నబడ్డాయి. నాలుగోది, వెనక కుడివైపుది, నిగనిగలాడుతోంది.

"ఈ ఒక్కటే కొత్తదేంటి?"

"నాలుగు నెలల కింద చీలిపోతే మార్చాను. మిగతా మూడూ బాగానే ఉన్నాయిగా?"

"మీరేం చేస్తుంటారు?"

"పశువుల డాక్టర్ని. కొండ మీద పాకలన్నీ నావే. అంటే, నా పేషెంట్లవి."

"అయితే చెప్పండి డాక్టరుగారూ. ఓ ఆవుకి ఒక కాలు మిగతా మూడింటి కంటే పొడుగుందనుకోండి. అది రోజూ కొండెక్కి దిగితే ఎక్కడ దెబ్బ తింటుంది?"

"నడుము." చటుక్కున అనేసి, ఏదో వెలిగినట్టు టైరు వైపు చూశాడు.

"మీ బండికీ అంతే. కొత్త టైరు చుట్టుకొలత ఎక్కువ, కాబట్టి మెల్లగా తిరుగుతుంది. పాతవి వేగంగా తిరుగుతాయి. బండేమో ముందు చక్రాలు జారుతున్నాయనుకుని వెనక్కి బలం పంపిస్తూనే ఉంటుంది. జారినప్పుడే చెయ్యాల్సిన పని పగలంతా చేస్తోంది పాపం. వేడెక్కదా మరి?"

అతను బండి పక్కన చతికిలబడి, దాన్ని ఓసారి తట్టాడు. నొప్పి ఉన్న పశువును తట్టినట్టు తట్టాడు. ఆమె చూపు తిప్పుకుంది. తిప్పుకున్న చూపు మళ్ళీ అక్కడికే వచ్చింది.

బండి ర్యాంపెక్కింది. వెనక రెండు చక్రాల నడుమ కుండలా ఉబ్బి, లోపల గేర్లుండే డిఫరెన్షియల్ కింద ఆమె అతన్ని కూడా నిలబెట్టింది.

"ముందు పై బోల్టు విప్పాలి, తర్వాత కిందది. ఎందుకో చెప్పండి?"

"ఎందుకు?"

"కిందది విప్పి ఆయిలంతా కార్చేశాక పైది బిగుసుకుపోయి రాలేదనుకోండి, కొత్త ఆయిలు ఎక్కడ పోస్తారు? బండి ఇక్కడే కాపురం పెడుతుంది."

"అదేమంత చెడ్డ చోటు కాదులెండి," అన్నాడతను పైకి చూస్తూ.

కుర్చీలోంచి దగ్గు వినిపించింది.

కాటుక లాంటి ఆయిలు కారింది. బోల్టు కొనకున్న అయస్కాంతానికి పట్టిన మడ్డిని ఆమె రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసింది. మెత్తగా ఉంది, ముక్కలు తగల్లేదు.

"అదృష్టవంతులు. ముక్కలు తగిలితే గేర్లు పోయినట్టే. ఈ మూడు టైర్లూ మార్చెయ్యండి, నాలుగూ ఒక్క తీరుగా ఉండాలి. ఇప్పుడు పోసేది లోపల కడగడానికి. ఐదొందల కిలోమీటర్లు తిరిగి రండి, తీసేసి అసలుది పోస్తాను. ఈలోగా కాలిన వాసనొస్తే ఎక్కడున్నా సరే, ఆగిపోవాలి. రేడియో పెంచడం కాదు."

"చిత్తం," అన్నాడు డాక్టరు.

నాలుగో రోజు ఉదయం ఎనిమిదింటికల్లా మళ్ళీ వచ్చేశాడు. టైర్లు నాలుగూ మెరుస్తున్నాయి. మీటరు చూసి ఆమె నోరు తెరిచింది.

"ఐదొందల పన్నెండా? నాలుగు రోజుల్లో! కొండ మీది ఆవులన్నీ ఒకేసారి జ్వరపడ్డాయా?"

"అన్నీ కాదు... కొన్నిటిని ఆరోగ్యంగా ఉన్నా పలకరించొచ్చాను."

ఆమె పక్కకి తిరిగి నవ్వింది. ఆ తర్వాత పనంతా మాటల మధ్యే సాగింది. తనను తన్నిన గేదెల గురించి అతను చెప్పాడు. కార్లలో దొరికే వింతల గురించి ఆమె చెప్పింది. ఓ పెద్దాయన సీటు కింద పెట్టుడు పళ్ళు దొరికాయట, ఆయనేమో నావి కావని వాదించాడట. అతను కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వాడు. నవ్వుతూనే తొమ్మిదింటికి కొండ మీద టీకాలేయాలంటూ వెళ్ళిపోయాడు.

వాన మొదలైంది. పదకొండు గంటలకు చేతులు తుడుచుకుందామని జేబులో గుడ్డ కోసం వెతికింది ఆమె. వేలికి గుండ్రటిదేదో తగిలింది. కొత్త రాగి వాషరు.

అది జేబులో ఉండాల్సింది కాదు. డాక్టరు బండి డిఫరెన్షియల్ కింది బోల్టుకు ఉండాల్సింది.

పొద్దున చేసిన పనంతా వరసగా నెమరేసుకుంది. బోల్టు వేళ్ళతో తిప్పింది. అది గుర్తుంది. పెట్టుడు పళ్ళ కథ చెప్పడం మొదలుపెట్టింది. అదీ గుర్తుంది. పానాతో బిగించడం మాత్రం ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు.

ఫోన్ చేసింది. అందుబాటులో లేదు. మళ్ళీ చేసింది. అదే సమాధానం.

"నాన్నా..." అంది వాషరు చూపిస్తూ. ఆయనకు ఒక్క ముక్క కూడా చెప్పాల్సిన పని లేకపోయింది.

"షెడ్డు నాది. నేను చూసుకోక జరిగిందని నేనే చెప్తాలేమ్మా."

"వద్దు నాన్నా. చేసింది నేను."

"బయట తెలిస్తే ఆడపిల్ల చేసిన పని ఇంతేనంటారు. నీకు తెలుసుగా?"

"అంటే అననీ."

షెడ్డు పికప్‌లో ఆయిలు డబ్బా, చేతి పంపు, జాకీ పడేసి బయల్దేరింది. ఊరు దాటి కొండదారి ఎక్కగానే, తడి రోడ్డు మీద రంగురంగుల మరకలు కనిపించాయి. వాన నీళ్ళ మీద ఆయిలు చుక్క విచ్చుకుంటే ఇంద్రధనుస్సు రంగులొస్తాయి. వేరే రోజైతే అందంగా ఉందనుకునేది. ఇవాళ ఒక్కో మరకా ఆమెను వేలెత్తి చూపిస్తున్నట్టుంది. పోనుపోను మరకలు దగ్గర దగ్గరగా పడ్డాయి.

నిట్టనిలువు మిట్ట మొదలయ్యే చోట ఎస్‌యూవీ ఆగి ఉంది. పక్కనే గొడుగు కింద డాక్టరు, సిగ్నలు కోసం ఫోను చెయ్యెత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"మీరా!" అతని మొహం వెలిగిపోయింది. "కాలిన వాసనొచ్చింది, ఆపేశాను. మీకెలా తెలిసింది?"

'ఎందుకో అనుమానమొచ్చింది' అంటే సరిపోయేది. అతను నమ్మేసేవాడు, పైగా మెచ్చుకునేవాడు కూడా. ఆమె వాషరు తీసి చూపించింది.

"నేనే చేశాను. కింది బోల్టు బిగించలేదు, వాషరు వెయ్యలేదు. మాటల్లో పడి మర్చిపోయాను. తప్పు నాది."

అతని మొహంలో నవ్వు పోయింది.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు. "పైన ఓ ఆవు తెల్లారినప్పట్నుంచి ఈనలేక అవస్థ పడుతోంది. టీకాలు ముగించి వస్తుంటే దారిలో కబురొచ్చింది."

"ఇరవై నిమిషాలు."

తడి నేల మీద పడుకుని బండి కిందికి దూరింది. సగం ఊడిన బోల్టు వేళ్ళకే వచ్చేసింది. దాని అయస్కాంతానికి పట్టిన మడ్డిని రుద్దింది. మెత్తగానే ఉంది. ఇంకోసారి రుద్దింది. దేవుడా, మెత్తగానే ఉంది. వాషరు వేసి, పానాతో బిగించి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి చూసుకుని, పై బోల్టు రంధ్రం అంచుదాకా ఆయిలు పంపు చేసింది. అంతసేపూ అతను గొడుగు ఆమె కాళ్ళ మీద పట్టుకునే నిలబడ్డాడు.

లేచి చూస్తే మిట్టంతా బురద పారుతోంది.

"మీరు నడుపుతారా?" అన్నాడు. "ఈ బురదలో నాకు ధైర్యం చాలదు."

"నన్ను నమ్మి ఎక్కుతారా, ఇంత చేశాక?"

"ముందు ఎక్కండి."

ఆమె ఆపలేదు, వేగం పెంచలేదు, స్టీరింగుతో కొట్లాడలేదు. ముందు చక్రాలు ఒకచోట జర్రున జారాయి. అంతలోనే వెనకనుంచి ఎవరో వీపు మీద చెయ్యేసి మెల్లగా నెట్టినట్టు బండి పైకి కదిలింది. గొణుగుడు లేదు, ఏడుపు లేదు.

పాకలో ఒక పెద్దమ్మ ఆవు మెడ పట్టుకుని కూర్చుని ఉంది. "వచ్చావా నాయనా! నా బంగారుతల్లి పోతుందనుకున్నా. ఈ పిల్లెవరు, కాంపౌండరా?"

"మేస్త్రి, పెద్దమ్మా."

"మేస్త్రా! ఇక్కడ గోడలేం కట్టాలి?"

చొక్కా విప్పేసి అతను పనిలోకి దిగాడు. దూడ ముందుకాలు లోపల మడతపడింది. భుజందాకా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో వెతుకుతున్నాడు. కంటికి కనపడని చోట చేత్తో చూసే పని ఆమెకు తెలుసు. "దొరికింది," అంటూ కాలు సరిచేసి దానికి తాడు తగిలించాడు. "ఆ తాడు పట్టుకోండి. నేను చెప్పినప్పుడు మెల్లగా. కుదపొద్దు."

ఆమె లాగింది. ఇంకొంచెం. ఇంకొంచెం. ఒక్కసారిగా దూడ గడ్డి మీదికి జారి పడింది. కదల్లేదు. అతను గడ్డితో దాని ఛాతీ గబగబా రుద్దాడు. పెద్దమ్మ మొక్కుకుంటోంది. చిన్న మేస్త్రి కూడా మోకాళ్ళ మీద కూలబడి రుద్దసాగింది. ఎంతసేపో తెలియదు. దూడ పెద్దగా తుమ్మింది.

పెద్దమ్మ ఏడుస్తూ నవ్వుతూ ఇద్దరి తలలూ నిమిరింది.

పాక బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఆమె అడిగేసింది. "నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది. ఆ మిట్ట ఎక్కేదాకా ఉంది."

"ఇప్పుడు?"

అతను కుళాయి కట్టేశాడు. "మూడేళ్ళ కింద ఓ దూడకి మందు మోతాదు తప్పు వేశాను. అది పోయింది. ఆ రైతు దగ్గరికెళ్ళి నా వల్లే పోయిందని చెప్పడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. మీరు ఆ పూటే చెప్పేశారు. అదీ వానలో, కొండెక్కి మరీ."

ఆమె తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"మీరంటే నాకు ఇష్టం," అన్నాడతను. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "బండి బాగున్నప్పుడు కూడా రావాలనుంది. రావచ్చా?"

"బాగున్న బండిని మా షెడ్డులోకి రానివ్వం."

అతని మొహం వాడిపోయింది.

"ఇంటికి రండి," అందామె. "ఆదివారం. నాన్న కూడా ఉంటారు."

ఆదివారం అతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తల నున్నగా దువ్వుకుని, పరీక్ష హాల్లో కుర్రాడిలా పెద్ద మేస్త్రి ఎదుట కూర్చున్నాడు. ఆమె తలుపు దగ్గర నిలబడింది. మూడు గుక్కల్లో మంచినీళ్ళు తాగేసి చెప్పాల్సింది గడగడా చెప్పేశాడు. మీ అమ్మాయిని చేసుకోవాలనుకుంటున్నాను, మా వాళ్ళకి చెప్పాను, మీరు ఒప్పుకుంటే చాలు.

పెద్ద మేస్త్రి నల్లకళ్ళద్దాలు తీసి అతన్ని తేరిపార చూశాడు.

"నన్నెందుకు అడుగుతావు డాక్టరుబాబూ? షెడ్డులో ఏదన్నా నాది కావాలంటే నన్నడుగు. ఆ పిల్ల ఎవరి సొత్తూ కాదు. అదిగో, తలుపు దగ్గరే ఉంది."

డాక్టరు లేచి నిలబడి వెనక్కి తిరిగాడు. గడగడా చెప్పిందంతా ఎటు పోయిందో!

"అడుగుతారా, లేక పనుంది వెళ్ళమంటారా?" అందామె. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది.

"నన్ను చేసుకుంటారా?"

"ఊఁ," అంది. అది మరీ చిన్నగా వచ్చిందనిపించి, తండ్రికి కూడా వినపడేలా గట్టిగా చెప్పింది. "చేసుకుంటాను."