ఎల్లర్‌డేల్ రైలు ఆఖరి బోగీ

ఆరు బోగీలుండాల్సిన రైలుకి అయిదే ఉన్నాయి.

ఆ సంగతి బయటపడేసరికి శనివారం మధ్యాహ్నం రెండు గంటల అయిదు నిమిషాలైంది. కనిపెట్టినవాడు థార్న్‌బెక్ మోడల్ రైల్వే క్లబ్ చైర్మన్ జెరాల్డ్ పికర్స్‌గిల్. రెండూ ఇరవైకి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు. రెండూ నలభైకి డిటెక్టివ్ కానిస్టేబుల్ మేరియన్ ఓట్లీ చర్చి హాలు మెట్ల మీద గొడుగు దులిపింది.

నవంబరు వాన. హాలు నిండా తడిసిన కోట్ల వాసన, వేడెక్కిన వైర్ల వాసన, టీ వాసన. ఏటా జరిగే ప్రదర్శన కదా, ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. అందరూ వంటగది గుమ్మం వైపే చూస్తున్నారు.

గుమ్మం పక్కన కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుంది. అరవైకి దగ్గరగా ఉంటుంది. ఏప్రన్ ఇంకా విప్పలేదు. ఎదురుగా బల్ల మీద ఆమె చేతిసంచిలో ఉన్నదంతా గుమ్మరించి ఉంది. దువ్వెన, దగ్గుబిళ్లలు, లైబ్రరీ పుస్తకం, విరిగిన కళ్లజోడు.

"ఈ సంచి ఎవరు గుమ్మరించారు?" మేరియన్ అడిగింది.

"నేనే ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు జెరాల్డ్. ఒకప్పుడు బ్యాంకు మేనేజరు, మనిషి భారీగా ఉంటాడు.

"కానిస్టేబుల్‌ని. మీకా హక్కు ఎవరిచ్చారు?"

"తాళంచెవి ఒక్కటే ఉంది. అది ఈవిడ దగ్గరే ఉంది. ఇంకేం చూడాలి?"

ఆమె పేరు డోరీన్ హెస్కెత్. హాలుకి పంతొమ్మిదేళ్లుగా కేర్‌టేకర్. హాలు వెనక రెండు గదులు ఆ ఉద్యోగంతో వచ్చినవే. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. సాయంత్రం నాలుగింటికి పాస్టరమ్మ హిలరీ క్యాటరాల్ వస్తుంది. అప్పటికి బోగీ దొరక్కపోతే డోరీన్‌ని తీసెయ్యమని అడుగుతానని జెరాల్డ్ హాలంతా వినిపించేలా చెప్పేశాడు.

మేరియన్ గడియారం చూసుకుంది. గంటా ఇరవై నిమిషాలు కూడా లేదు.

"పోయింది ఏమిటో చెప్పండి. ఆ బొమ్మ..."

"బొమ్మ కాదు, మోడల్," అన్నారు నలుగురు ఒకేసారి.

ముప్పై అడుగుల పొడవు బల్లల మీద ఎల్లర్‌డేల్ లోయ పరుచుకుని ఉంది. రాతి ఇళ్లు, వంతెన, గొర్రెలు, రెండు చివర్లా రెండు సిగ్నల్ కేబిన్లు. బల్లల అంచు నుంచి నేలదాకా నల్ల తెర. దాని వెనక స్టూళ్ల మీద కూచుని రైళ్లు నడుపుతారు. ఇదంతా ఆర్థర్ లంబ్ అనే ఆయన ఇరవై ఆరేళ్లు కూచుని కట్టాడు. పోయిన చలికాలంలో ఆయన కన్నుమూశాడు. పోయింది ఆయన చేసిన సెలూన్ బోగీ, అంటే గొప్పవాళ్లు ప్రయాణించే విలాసాల బోగీ. జానెడు పొడవు. సీట్లకి నిజం తోలు, కిటికీల్లో మనుషులు, తలుపులు తెరుచుకుంటాయి. అలాంటిది ఇంకోటి లేదు.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"పన్నెండూ నలభైకి. ప్లాట్‌ఫాం మీద ఉంది. రైలుకి ఆఖరి బోగీ."

"తర్వాత?"

"పన్నెండూ నలభై అయిదుకి హాలు మూసి అందరం వెనక గదిలో భోజనానికెళ్లాం. మాంసం కూరి కాల్చిన 'పై'లు, బఠాణీల గుజ్జు. ఒకటిన్నరకి ఈవిడ తలుపు తీసింది."

మేరియన్ డోరీన్ వైపు తిరిగింది. "భోజనాల టైములో మీరెక్కడ?"

"ఒంటిగంట దాకా వడ్డించాను. తర్వాత గిన్నెలు తోముకున్నాను. ఒక్కదాన్నే." ఆమె బల్ల మీది దువ్వెన తీసి ఖాళీ సంచిలో వేసుకుంది. "చూడమ్మా, పంతొమ్మిదేళ్లు ఊడ్చాను దీని చుట్టూ. నాకు రైళ్ల మీద మోజుంటే ఈపాటికి నా వంటింట్లో పెద్ద స్టేషనే ఉండేది."

"ఇవాళ ఊడ్చారా?"

"పన్నెండూ నలభైకి. తెర వెనక కూడా. ఈ మగాళ్లు పొద్దున్నే రైళ్లు మొదలెట్టకముందు బిస్కట్లు నమిలి రాలుస్తారు, ఎలుకలొస్తాయి. ఊడ్చి, తాళం వేశాను."

"తాళం వేసేముందు లోపల ఎవరైనా ఉన్నారేమో చూశారా?"

"లైట్లు ఆర్పి, ఎవరైనా ఉన్నారా అని కేకేశాను. ఎవరూ పలకలేదు."

మూడు గంటల అయిదు నిమిషాలు.

ట్రెవర్ స్లేట్ పాత మోడళ్లు కొని అమ్మే వ్యాపారి. సన్నటి మీసం, మెరిసే బూట్లు. ఆ సెలూన్ సోమవారం అతని చేతికి రావాల్సింది. ఇంకో కొత్త మోడల్ కట్టడానికి డబ్బు కావాలని జెరాల్డ్ దాన్ని అమ్మకానికి పెట్టాడు.

"సోమవారం దర్జాగా తీసుకెళ్లేదాన్ని శనివారం దొంగతనం చెయ్యడానికి నాకేమైనా పిచ్చా మేడమ్?" అన్నాడు. "పై కోసం లైన్లో మొదటివాణ్ణి నేనే. రెండోసారి కూడా నేనే. కావాలంటే వడ్డించినావిణ్ణి అడగండి."

"రెండు పైలు తిన్నాడు," అంది డోరీన్ కూచున్నచోటి నుంచే. "మూడోది నేనే ఇవ్వలేదు."

మూడోవాడు క్లిఫర్డ్ నేలర్. డెబ్భై ఎనిమిదేళ్లు. నిజం రైల్వేలో నలభై ఒక్క సంవత్సరాలు సిగ్నల్ మాన్. ఇక్కడ దక్షిణం కేబిన్ ఆయనది. టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని స్టూలు మీద కూచున్నాడు.

"భోజనం చేశారా తాతా?"

"చేశాను తల్లీ."

"పై ఎలా ఉంది?"

"ఏటా ఉన్నట్టే ఉంది."

"బోగీ లేదని మీరు గమనించలేదా?"

"చూపు సరిగ్గా ఆనదు తల్లీ," అన్నాడు కప్పులోకి చూస్తూ.

మేరియన్ మళ్లీ జెరాల్డ్ దగ్గరికొచ్చింది.

"ఒకటిన్నరకి తలుపు తీశారు. రెండూ అయిదు దాకా ఎవరికీ తెలియలేదు. ఈలోగా ఆ రైలు నడిచిందా?"

"ఒకటీ ముప్పై ఆరుకి నేనే పంపాను, ఉత్తరం కేబిన్ నుంచి."

"ఒక బోగీ తక్కువైతే తెలియదా?"

"బోగీలెవరు లెక్కపెడతారు? ఆఖర్న ఎర్ర దీపం ఉందా లేదా అని చూస్తాం. టెయిల్ లాంప్. అది కనిపిస్తే రైలు ఎక్కడా తెగలేదు, మొత్తం వచ్చిందని లెక్క. అసలు రైల్వేలో కూడా అంతే. దీపం చూశాను, పంపాను."

"క్లిఫర్డ్ గారు?"

"అందిందని ఒకటీ నలభై రెండుకి గంట కొట్టాడు."

మేరియన్ రాసుకుంది. నాలుగడుగులు వేసింది. ఆగింది.

వెనక్కెళ్లి ప్లాట్‌ఫాం మీదికి వంగి చూసింది. అయిదో బోగీ వెనక, కొక్కేనికి ఎర్రటి పూస వేలాడుతోంది. ఆవగింజంత.

తెర ఎత్తి దక్షిణం కేబిన్ స్టూలు కింద టార్చ్ వేసింది. అర నిమిషం చూసి తెర దించేసింది.

"రైళ్లు నడుపుతూ తినొచ్చా?" అని అడిగింది జెరాల్డ్‌ని.

"అబ్బే. జిడ్డు చేత్తో పట్టాలు ముట్టుకుంటే కరెంటు అందదు. ఆర్థర్ పెట్టిన రూలు. ఎవరూ తప్పరు."

"ఆ ఎర్ర దీపం మీరే తగిలిస్తారా?"

జెరాల్డ్ తన లావుపాటి వేళ్లు చూపించాడు. "ఈ అరటిపళ్లతోనా? పట్టకారు పట్టడం కూడా రాదు నాకు."

"మీకు, ట్రెవర్ గారూ?"

"ఏ దీపం?" అన్నాడు ట్రెవర్. "ఓ, ఆ పూసా? అలాంటివి నేను కేటలాగ్‌లో కూడా రాయను. నేను రైళ్లు నడపను మేడమ్. అద్దాల బీరువాల్లో పెడతాను."

మూడున్నరకి మేరియన్ జనాన్ని ఇళ్లకి పంపించేసింది. వాళ్లు డోరీన్‌ని ఓరగా చూసుకుంటూ, గుసగుసలాడుకుంటూ పోయారు. డోరీన్ తల దించుకోలేదు. కళ్ల కింద మాత్రం ఎర్రబడింది.

మూడూ నలభై. హాల్లో అయిదుగురే మిగిలారు.

"ఒకటీ ముప్పై ఆరుకి జరిగింది నాకు మళ్లీ చూపించండి," అంది మేరియన్. "అదే రైలు. ఎవరి కేబిన్లో వాళ్లు కూచోండి."

క్లిఫర్డ్ దక్షిణం వైపు నడిచాడు. ఆయన వీపు తిరగ్గానే మేరియన్ తల్లోంచి హెయిర్‌పిన్ తీసి, దాని కొసతో ఎర్ర పూసని కొక్కెం నుంచి లేపి గుప్పిట్లో దాచింది. జెరాల్డ్ నోరు తెరిచాడు. ఆమె పెదాల మీద వేలు పెట్టింది. "పంపండి."

రైలు కదిలింది. స్టేషను దాటింది. గొర్రెల పక్క నుంచి, వంతెన మీదుగా సన్నటి చప్పుడుతో పోయింది. మేరియన్ పట్టాల వెంబడే నడిచింది. ట్రెవర్ రైలుని చూస్తున్నాడు. డోరీన్ మేరియన్‌ని చూస్తోంది.

దక్షిణం కేబిన్‌లో క్లిఫర్డ్ చెయ్యి గంట మీద సిద్ధంగా ఉంది.

ఇంజను ఆయన ముందు నుంచి పోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు బోగీలు పోయాయి.

గంట మోగలేదు.

ఆయన చెయ్యి గంట మీద నుంచి లేచి సిగ్నళ్ల లివర్ల మీదికి దూకింది. టక్, టక్, టక్. ఆగమన్నట్టు సిగ్నళ్లన్నీ అడ్డంగా పడిపోయాయి. తర్వాత గంట మోగింది. నాలుగు దెబ్బలు. కొంచెం ఆగి, అయిదు.

"ఏమిటది?" మేరియన్ జెరాల్డ్‌ని అడిగింది.

"టెయిల్ లాంప్ లేకుండా రైలు వచ్చిందని," అన్నాడు జెరాల్డ్ మెల్లగా. "మేం అది ఎప్పుడూ కొట్టం. ప్రదర్శన ఆగిపోతుందని చూసీ చూడనట్టు ఊరుకుంటాం."

"ఈయన ఊరుకోలేదు. చూపు ఆనదన్న మనిషికి ఆవగింజ లేకపోవడం ఆనింది." మేరియన్ గుప్పిట తెరిచింది. "పన్నెండూ నలభైకి ఈ దీపం సెలూన్ వెనక ఉంది. సెలూన్ పోతే దీపం కూడా పోవాలి. కానీ ఒకటీ ముప్పై ఆరుకి జెరాల్డ్ గారు దీపం చూశారు. మధ్యలో ఎవరో దాన్ని తీసి అయిదో బోగీకి తగిలించారు. డోరీన్ దీని చుట్టూ ఊడ్చిందే తప్ప రైళ్ల జోలికి ఎప్పుడూ పోలేదు. ట్రెవర్ గారికి అది పూస. జెరాల్డ్ గారి వేళ్లకి అందదు."

"దొంగకి దాంతో పని లేదు తాతా. వదిలేసి పోవచ్చు. కానీ దీపం లేని రైలుని పట్టాల మీద వదిలేసి పోలేని మనిషి ఒక్కరే ఉన్నారు. మీ స్టూలు కింద గుడ్డు శాండ్‌విచ్ ముక్కలున్నాయి. డోరీన్ పన్నెండూ నలభైకి ఊడ్చింది. ఒకటిన్నర తర్వాత మీరెవరూ తినరు. ఆవిడ కేకేసినప్పుడు మీరు తెర వెనకే ఉన్నారు, మళ్లీ తలుపు తీసేదాకా అక్కడే ఉన్నారు."

క్లిఫర్డ్ లివర్ల మీద నుంచి చెయ్యి తీశాడు. తర్వాత స్టూలు పక్కనున్న భోజనం డబ్బా తీసి మూత తెరిచాడు. చేతిరుమాల్లో చుట్టిన సెలూన్. మూడో కిటికీలో వేలి గోరంత మనిషి, ఆకుపచ్చ కోటు.

"మా ఆవిడ ఎడ్నా," అన్నాడు. "ఆర్థర్ ఇది చేస్తున్న ఏడాదే పోయింది. ఆమె బొమ్మ చేసి ఇందులో కూచోబెట్టాడు. తొమ్మిదేళ్లుగా శనివారం శనివారం నా కేబిన్ ముందు నుంచి వెళ్లి వచ్చేది. ఆ బొమ్మనైనా తీసి ఇమ్మని జెరాల్డ్‌ని అడిగాను. తీస్తే ధర పడిపోతుందన్నాడు."

జెరాల్డ్ కాళ్ల వైపు చూసుకున్నాడు.

"డోరీన్ మీద పడుతుందని అనుకోలేదు. టీ అయ్యాక చెబుదామనుకున్నాను. అది అయ్యాక, ఇంకాసేపయ్యాక అనుకున్నాను."

డోరీన్ లేచి ఆయన ఎదుటికి వచ్చింది.

"నా సంచి తిరగేస్తున్నప్పుడు నువ్విక్కడే ఉన్నావు క్లిఫ్."

"ఉన్నాను."

"నేను పోసిచ్చిన టీ తాగుతూ."

"అవును."

సరిగ్గా నాలుగింటికి పాస్టరమ్మ వచ్చింది. ఆమె కోటు గుండీలు విప్పుకోకముందే క్లిఫర్డ్ టోపీ తీసి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఎడ్నా పేరు మాత్రం ఎత్తలేదు. అది మేరియన్ చెప్పింది.

"నీ ఉద్యోగానికేం కాదు డోరీన్," అంది పాస్టరమ్మ. "క్లబ్ తరఫున కేసు పెడతారా జెరాల్డ్?"

జెరాల్డ్ గొంతు సవరించుకునేలోపే ట్రెవర్ గొడుగు అందుకున్నాడు. "సోమవారం నేను రావట్లేదు. ఇంకొకరి పెళ్లాన్ని కొనుక్కుపోయాడన్న పేరు నాకొద్దు."

"కేసు లేదు," అన్నాడు జెరాల్డ్.

"కేసు మీ ఇష్టం," అంది డోరీన్. "నా సంగతి వేరే. ఇందాక ఇక్కణ్ణుంచి వెళ్లిన వాళ్లంతా ఈపాటికి నా పేరు ఇంటింటా చెప్పేసి ఉంటారు. రేపు ప్రార్థన కాగానే, ఎవరూ కదలకముందే, నువ్వు చెప్పాలి క్లిఫ్. అందరికీ వినపడేలా."

"చెప్తాను."

"నిలబడి."

"మోకాళ్లు డోరీన్..."

"నిలబడే చెప్పాలి."

ఆదివారం పదకొండూ పదికి క్లిఫర్డ్ నేలర్ ముందు బెంచీ పట్టుకుని లేచాడు. మేరియన్ చర్చికి పోయే మనిషి కాదు, అయినా వెనక వరసలో కూచుంది. ఆయన దాచలేదు, తగ్గించి చెప్పలేదు. డోరీన్ ఏ తప్పూ చేయలేదన్నది రెండుసార్లు చెప్పాడు. రెండోసారి సగంలో ఆగాడు. దగ్గి, మళ్లీ మొదట్నుంచి చెప్పాడు.

ఆయన చెబుతున్నంతసేపూ డోరీన్ తల తిప్పలేదు. మాటలైపోయాయి. ఆయన నిలబడే ఉన్నాడు, కూచోవచ్చో లేదో తెలియనట్టు.

డోరీన్ పక్క సీటు మీద పెట్టిన తన తడి కోటు తీసి ఒళ్లో పెట్టుకుని, ఆయనకి చోటయ్యేలా కొంచెం జరిగింది.